కట్టు విప్పాక ఖర్చెవరిది?

సంతకెళ్లే జీపు బోల్తాపడి మనవాడి కాలు విరిగితే ఏం జరుగుతోంది? ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో కాస్త డబ్బు పెట్టి, కాగితం మీద సంతకం తీసుకుంటున్నారు. దాన్ని మనం రాజీ అంటున్నాం. రెండేళ్లకు కాలిలో రాడ్డు తీయించాలి. కాలే పోతే, పెట్టుడు కాలు కొన్నేళ్లకోసారి మార్చాలి. ఆ ఖర్చుకు మేకలమ్మాలా, పోడు చెక్క కుదువపెట్టాలా?

1988 మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్ పరిహారం తేల్చేది ఒక్కసారే. మళ్లీ వైద్యం కావాలని తర్వాత వెళితే లాభం లేదు. అందుకే ముందుముందు అయ్యే వైద్యం ఖర్చు మొదటి తీర్పులోనే కలపాలని 2002లో నాగప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమైతే అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వొచ్చనీ చెప్పింది. మరి అడగడానికి మనకెందుకు మొహమాటం? ఇది దానం కాదు, మనకు రావలసిన బాకీ.

ఏ ఆపరేషన్ ఎప్పుడు చేయాలో, ఎంతవుతుందో డాక్టరుతో రాయించండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదివాసులకు వకీలు ఉచితం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి.

ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లలకు సంతకం నేర్పారు, సంతోషం. ఎక్కడ పెట్టకూడదో కూడా నేర్పండి.