కర్త లేని వాక్యం

ఈ వారం పాఠమేమీ చెప్పను, భయపడకండి. ఒక పార్సెలు కథ చెబుతాను. మధ్యలో వ్యాకరణం కాస్త తగిలితే క్షమించండి. తెలుగు మేష్టరు వృత్తిలో అది తప్పని జబ్బు.

నాకు చదువు చెప్పిన మాస్టారొకరు శ్రీకాకుళం జిల్లాలో, నరసన్నపేట దగ్గర పల్లెలో వున్నారు. ఎనభై రెండో ఏడు. ఉద్యోగం చేసిన కాలమంతా, సెలవు దొరికితే చాలు, సైకిలెక్కి వంశధార ఒడ్డు పల్లెలు తిరిగి, ఊడ్పుల్లోనూ దంపుళ్ళ దగ్గరా ఆడవాళ్ళు పాడుకునే పాటలు రాసుకున్నారు. రెండు వందల పేజీల లెడ్జరు పుస్తకం. ఒక్కటే ప్రతి. పాడినవాళ్ళలో ఇప్పుడు మిగిలినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. “అచ్చు వేయిద్దాం, పంపండి మాస్టారూ” అని రెండేళ్ళుగా ఆయన ప్రాణం తీసినవాణ్ణి నేనే. పోనీ జిరాక్సు తీయించి పంపమంటే, “కాయితం పెళుసెక్కిపోయింది నాయనా, అద్దం మీద బోర్లించి నొక్కితే పొడి రాలుతుంది” అన్నారు. అప్పుడే నేను రైలెక్కి వెళ్ళి తెచ్చుకోవలసింది. పరీక్షల రోజులు కదా అని బద్ధకించాను.

మాస్టారికి తెలిసిన పద్ధతి రిజిస్టరు పోస్టు. పోస్టాఫీసుకు వెళితే, 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారని చెప్పారట. పంపే దారి అక్కడా వుంది. కాని రిజిస్టరన్న పేరు లేని పోస్టాఫీసేమిటని ఆయన అలిగి ఇంటికి వచ్చేశారు. మనవడు సెల్లు తీసి నాలుగు నొక్కులు నొక్కాడు. ఒక ప్రైవేటు పార్సెలు కంపెనీ కుర్రాడు గుమ్మంలోకే వచ్చి పుచ్చుకుపోయాడు. నూట నలభై రూపాయలు. మూడు రోజుల్లో గుంటూరు.

ఆ కంపెనీ నాకు కొత్తదేం కాదు. పదిహేనేళ్ళ కిందట మా పేటలోనే దాని ఆఫీసుండేది. రెండు బల్లలు, ఒక తూకం, చెవిలో పెన్సిలు పెట్టుకున్న గుమాస్తా. “మాస్టారూ, అమ్మగారు పంపిన ఆవకాయ జాడీ వచ్చింది. మూత దగ్గర నూనె కారుతోంది. ఎండెక్కక ముందే వచ్చి తీసుకువెళ్ళండి” అని ఫోను చేసేవాడు. ఆ నూనె తుడవడానికి పాత పేపరు కూడా తనే ఇచ్చేవాడు. తరవాత జనం చీరలూ చెప్పులూ ఉప్పూ పప్పూ కూడా సెల్లులోనే కొనడం మొదలుపెట్టారు. పార్సెళ్ళు పదింతలయ్యాయి. కంపెనీ పెరిగింది. పెరిగిన కంపెనీకి మా పేట ఇరుకైంది కాబోలు, ఆఫీసెత్తేసి పంపకాలు ఎవరికో కంట్రాక్టుకిచ్చింది. ఇప్పుడు బైపాసు రోడ్డు మీద రేకుల గోదాము ఒకటుంది. గేటు దగ్గర కాపలావాడుంటాడు. లోపలికి పోనివ్వడు. గుమాస్తా ఏమయ్యాడో తెలియదు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను వసారాలో కూచుని పేపర్లు దిద్దుతున్నాను. వీధి తలుపు బార్లా తీసివుంది. సెల్లు మోగింది: “డెలివరీ ప్రయత్నించబడింది. గ్రహీత అందుబాటులో లేరు.”

వీధిలోకి వెళ్ళి అటూ ఇటూ చూశాను. ఒక ఆవు తప్ప ఎవరూ లేరు. మా ఆవిడ సంగతి విని, “మీరు ఇంట్లో వున్నా లేనట్టేనని నేను ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నాను. కంపెనీవాళ్ళకి ఇప్పటికి తెలిసింది” అంది.

సాయంత్రానికి అసలు సంగతి బయటపడింది. పార్సెలు గుంతకల్లులో వుంది! విజయవాడలో మూటలు విడదీసే చోట ఎవరో ‘గుం’ వరకు చదివి అటు గిరాటేశారు. రెండూళ్ళ మధ్యా సుమారు నాలుగు వందల కిలోమీటర్లు. ఊళ్ళ పేర్లు ఇలా కలిసిపోయి ఉత్తరాలు దారి తప్పకూడదనే 1972 ఆగస్టు 15న మన దేశంలో పిన్‌కోడు పెట్టారు. గుంటూరుది 522తో మొదలవుతుంది, గుంతకల్లుది 515తో. మాస్టారు ఆ అంకెల్ని ముత్యాల్లా రాసివుంటారు. నాకు ఆయన చేతిరాత తెలుసు. చూసేవాడుంటే గదా!

ఫోను చేశాను. తెలుగుకు ఒకటి నొక్కమంది, ఫిర్యాదుకు నాలుగు నొక్కమంది, తరవాత వీణ వాయించింది. పన్నెండు నిమిషాలయ్యాక మళ్ళీ ఒకటి నొక్కమంది. చివరికి పన్నెండంకెల ఫిర్యాదు నంబరొకటి ప్రసాదించింది. మర్నాడు సందేశం: “మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.” పార్సెలు గుంతకల్లులోనే వుంది. మళ్ళీ చేశాను. మళ్ళీ పరిష్కరించబడింది. మొత్తం మూడుసార్లు.

ఇక్కడే వ్యాకరణం అడ్డుతగులుతుంది. ‘బడు’ చేర్చి చెప్పే కర్మణి ప్రయోగం మన నోళ్ళలో లేనిది. “అన్నం వండబడింది, రండి” అని ఏ ఇల్లాలూ పిలవదు. పుస్తకాల్లోనూ కచేరీ కాగితాల్లోనూ మాత్రం అది హాయిగా బతుకుతుంది. ఎందుకంటే అందులో కర్త అక్కర్లేదు. “ప్రయత్నించబడింది”, సరే, ప్రయత్నించిందెవరు? “పరిష్కరించబడింది”, ఎవరు బాబూ? ఆ చెవిలో పెన్సిలువాడు తప్పు చెయ్యలేదని కాదు. ఒకసారి మా జాడీ పగలగొట్టాడు కూడా. కాని “నేనే పడేశానండీ” అన్నాడు. ఆ ‘నేను’ అనేవాడి జీతం మిగుల్చుకుంది కంపెనీ.

ఇంతలో మాస్టారి ఫోను. “చేరిందా నాయనా?”

నేనేమన్నానో చెబితే మీరు నన్ను క్షమించరు. “చేరిందండీ” అన్నాను. ఆ వయసులో ఆయన నిద్ర పాడు చెయ్యడమెందుకు, రెండు రోజుల్లో వచ్చేస్తుంది గదా, అని నాకు నేను చెప్పుకున్నాను. మర్నాడు మళ్ళీ చేశారు. “నలభై మూడో పేజీలో పాట చూశావా?” అన్నారు. “చూశానండీ, చాలా బాగుంది” అన్నాను. అవతల కాసేపు మాట లేదు. “సరే నాయనా, జాగ్రత్త” అని పెట్టేశారు. తరవాత ఆయన ఫోను చెయ్యలేదు.

పన్నెండో రోజున మా కాలేజీ కామర్సు లెక్చరరు 1915 అనే నంబరు చెప్పాడు. అది కేంద్ర ప్రభుత్వం వినియోగదారులకోసం నడిపే సహాయ కేంద్రం. అక్కడ మనిషి పలికాడు, తెలుగులోనే. వివరాలన్నీ రాసుకుని, ఇది తీర్పు చెప్పే కోర్టు కాదనీ, కంపెనీకి పంపి జవాబు అడుగుతామనీ అన్నాడు. దారికి రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని జిల్లా కమిషనులో వేసుకోవచ్చు. మనం చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు దాటకపోతే రుసుము లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మూడో రోజున కంపెనీనుంచి మొట్టమొదటిసారి ఒక గొంతు వినిపించింది. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. పార్సెలు దొరక్కపోతే నష్టపరిహారం కిరాయికి పది రెట్లకు మించదని రసీదు మీద వుందంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింది నిబంధనల్లోనూ హద్దు అదేనట, ముందుగా ఎక్కువ విలువ ప్రకటించి అదనపు కిరాయి కట్టుకుంటే తప్ప. అంటే పధ్నాలుగు వందలు. “అందులో ఏముంది సార్?” అని అడిగింది. పాటలమ్మా అన్నాను. “పాటలా? పెన్‌డ్రైవా సార్?” అంది.

పంతొమ్మిదో రోజు పొద్దున్న ఒక కుర్రాడు మోటారు సైకిలు మీద తెచ్చి ఇచ్చాడు. ఇన్నాళ్ళూ కూడబెట్టిన కోపమంతా వాడిమీద కుమ్మరించాను. వాడు హెల్మెట్టు తీసి, మంచినీళ్ళడిగాడు. మా ఆవిడ చెంబు తెచ్చింది. తాగి నెమ్మదిగా చెప్పాడు: రోజుకు తొంభై పార్సెళ్ళు, ఇచ్చిన పార్సెలుకే డబ్బు, పెట్రోలు తనదే. పొద్దుగూకేలోగా ఇవ్వలేనివాటికి సెల్లులో కారణం నొక్కితేనే ఆ రోజు ఖాతా మూసుకుంటుంది. ఎనిమిది కారణాలుంటాయి. తనకు కోత పడనిది ఒక్కటే: గ్రహీత అందుబాటులో లేరు. “గుంతకల్లులో మీ వీధి ఎక్కడుంటుంది సార్? పాపం ఆ అబ్బాయి వెతికే వుంటాడు. దొరక్క అదే నొక్కివుంటాడు” అన్నాడు. ‘చిరునామా ఈ వూరిది కాదు’ అన్న కారణం ఆ ఎనిమిదిలో లేదట. వాడి తరవాత తిట్టడానికి నాకెవరూ మిగల్లేదు.

కట్టు విప్పాను. ఒక మూల తడిసి ఆరింది. చివరి పది పేజీలు అతుక్కుపోయాయి. ఆవిరి పట్టి విడదీస్తే రెండు చిరిగాయి. మిగతా పుస్తకం భద్రంగానే వుంది. నలభై మూడో పేజీ తీశాను. పైన పాట పేరూ, పాడవలసినావిడ పేరూ వున్నాయి. కింద పేజీ అంతా ఖాళీ. అట్టడుగున పెన్సిలుతో మాస్టారి చేతిరాత: “నేను వెళ్ళడం ఆలస్యం చేశాను. ఆవిడ ఆ వానల్లో పోయింది. పాట దొరకలేదు.”

ఆ ప్రశ్న నన్ను పరీక్షించడానికే అడిగారో, ఆ ఖాళీ గురించి మాట్లాడుకోవాలనే అడిగారో ఇప్పటికీ తేల్చుకోలేకుండా వున్నాను.

కంపెనీ విచారం తెలియబరచబడింది. దానితోపాటు, వచ్చేసారి పార్సెలు పంపుకోవడానికి నూట నలభై రూపాయల కూపను ప్రసాదించబడింది. గడువు నెల రోజులు.

రాతపని పూర్తయింది. శనివారం రాత్రి బండికి శ్రీకాకుళం రోడ్డుకు టిక్కెట్టు తీసుకున్నాను. మా ఆవిడ పుస్తకానికి పాత పట్టుచీర ముక్క చుట్టి, పెట్టెలో సర్దబోయింది. వద్దన్నాను, ఒళ్ళోనే పెట్టుకు వెళతాను. వస్తున్నానని మాస్టారికి ఇంకా ఫోను చెయ్యలేదు.