జీతానికి తేదీ, పనికి లెక్క లేని కంపెనీలు

చర్ల: మన మండలం నుంచి, పక్కనున్న దుమ్ముగూడెం, వెంకటాపురం మండలాల నుంచి హైదరాబాదు వెళ్ళి కంప్యూటరు కంపెనీలలో కుదురుకుంటున్న పిల్లలు ఇప్పుడు ప్రతి ఊరిలోనూ కనిపిస్తున్నారు. ఇది సంతోషించదగిన విషయమే. అయితే వీరిలో పేరున్న పెద్ద కంపెనీలలో చేరగలిగినవారు కొద్దిమందే. మిగిలినవారు అమీర్‌పేటలో నాలుగు నెలలు కోర్సు నేర్చుకుని, పది మందో ముప్పై మందో పనిచేసే చిన్న కంపెనీలలో చేరుతున్నారు. అక్కడి తీరుతెన్నులు ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు తెలియవు. కొడుకు చల్లని గదిలో కూర్చుని పనిచేస్తున్నాడన్న ఒక్క మాటతో తృప్తి పడుతున్నారు.

రెండు నెలలుగా జీతం రాలేదని పిల్లవాడు ఫోనులో చెబితే, "పెద్ద ఉద్యోగం నాయనా, కాస్త ఓపిక పట్టు" అని వారే సర్దిచెబుతున్నారు. గది అద్దెకు, మెస్సు బిల్లుకు ఇక్కడి నుంచే డబ్బు పంపుతున్నారు. ఉద్యోగం చేస్తున్న కొడుకును మిరప పంట సొమ్ముతో పోషించవలసి వస్తే దానిని ఉద్యోగమని ఎలా అనగలమో అందరూ ఆలోచించవలసి ఉన్నది.

తునికాకు కల్లంలో ఉన్న పద్ధతి

ఎండాకాలంలో మన అడవుల్లో తునికాకు కోతకు వెళ్ళేవారి సంగతి చూడండి. కట్టకు 50 ఆకులు. సాయంత్రం కల్లంలో కల్లేదారు కట్టలు లెక్కపెట్టి కార్డులో రాస్తాడు. కట్టకు ఎంత ఇస్తారో కోతకు ముందే తెలుస్తుంది. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఈ రోజు తన కార్డులో ఎన్ని కట్టలు పడ్డాయో చెప్పగలదు. కట్ట బాగా లేదని కల్లేదారు పక్కన పారేస్తే పదిమంది ఎదుట నిలబడి అడగగలదు.

ఇంజనీరింగు చదివిన ఆమె మనుమడు మాత్రం మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోతున్నాడు. ఈ నెల జీతం ఏ తేదీన వస్తుంది? ఏ పని ఎంతవరకు చేస్తే పూర్తయినట్లు? పని తప్పయితే బాధ్యత ఎవరిది? కల్లంలో కూలికి ఉన్న లెక్క అద్దాల ఆఫీసులో లేకపోవడం విచారకరం. చిన్న కంపెనీల రోగమంతా ఇక్కడే ఉన్నది.

డబ్బు వచ్చే దారి

చిన్న కంపెనీలో జీతం ఎందుకు ఆలస్యమవుతుందో తెలుసుకోవాలి. విదేశంలో ఒక పెద్ద సంస్థ తన పనిని ఇక్కడి పెద్ద కంపెనీకి ఇస్తుంది. ఆ కంపెనీ అందులో ఒక ముక్కను ఇంకొకరికి అప్పగిస్తుంది. వారు మరొక ముక్కను ఇరవై మంది ఉన్న చిన్న కంపెనీకి ఇస్తారు. పని ఎన్ని చేతులు మారిందో డబ్బు కూడా అన్ని చేతులు మారి రావాలి. తాలిపేరు కాలువ నీరు ఎగువ పొలాలు తడిసిన తరువాతనే చివరి పొలానికి చేరుతుంది గదా, ఇదీ అంతే. బిల్లు పెట్టిన రెండు మూడు నెలలకు గాని చిన్న కంపెనీ చేతికి సొమ్ము రాదు.

ఈ సంగతి యజమానికి ముందే తెలుసు. తెలిసినవాడు రెండు మూడు నెలల జీతాలకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోవాలి. బుద్ధిగల యజమానులు అలాగే చేస్తున్నారు. మిగిలినవారు వచ్చిన అడ్వాన్సును కొత్త ఆఫీసుకు, కుర్చీలకు ఖర్చుపెట్టి, జీతాల నాటికి "క్లయింటు ఇంకా పంపలేదు" అంటున్నారు. క్లయింటు పంపకపోవడం యజమాని కష్టమే కావచ్చు. కాని లాభం వచ్చిన నెల పంచిపెట్టనివాడు, రాని నెల నష్టాన్ని మాత్రం ఉద్యోగి జీతంలో కోయడం న్యాయం కాదు.

అడగకుండా ఒప్పుకున్న గడువు

రెండవ లోపం పని ఒప్పుకోవడంలో ఉన్నది. పని చేజారుతుందేమోనన్న ఆత్రంతో యజమాని మూడు నెలల పనిని నెల రోజుల్లో ఇస్తామని మాట ఇస్తాడు. చేసేవారిని ఒక్క మాట అడగడు. మధ్యలో క్లయింటు ఫోనుచేసి ఇది మార్చండి, అది కలపండి అంటాడు. యజమాని వచ్చి నోటిమాటగా చెప్పిపోతాడు. ఏదీ కాగితం మీద ఉండదు. గడువు దాటగానే తప్పు కుర్రవాడి మీద పడుతుంది. ఆదివారాలు, రాత్రులు అందుకే పోతాయి.

అప్పుడు యజమానులు చేసే మరొక పని ఇద్దరు ముగ్గురు కొత్తవారిని తెచ్చి కూర్చోబెట్టడం. వరి నాటు వెనకబడితే ఇంకో పది మంది కూలీలను పిలవవచ్చు, సాయంత్రానికి మడి నిండుతుంది. ప్రోగ్రాం రాసే పని అటువంటిది కాదు. కొత్తగా వచ్చినవారికి పాతవాడు తన పని ఆపి మొదటి నుంచి చెప్పాలి. వారు తెలియక చేసిన తప్పులను మళ్ళీ అతడే దిద్దాలి. అమెరికాలో ఐబీఎం కంపెనీలో చాలా పెద్ద ప్రోగ్రాం తయారీని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ ఈ విషయాన్ని 1975లోనే పుస్తకంలో రాశారు. ఆలస్యమైన పనికి మనుషులను పెంచితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఆయన తేల్చారు. యాభై ఏళ్ళు దాటినా ఈ సంగతి చాలామంది యజమానుల చెవికి ఎక్కలేదు.

మూడవది, చేసిన పనిని రాసిపెట్టే అలవాటు లేకపోవడం. ఒకడు మానివేస్తే అతడి పని ఎవరికీ అర్థం కాదు. మిగిలినవాడు రెండు పనులు మోయాలి. అందుకే ఎవరైనా వెళతానంటే యజమాని భయపడి బెదిరింపులకు దిగుతున్నాడు.

చిన్నతనం తప్పు కాదు

ఇది చదివి చిన్న కంపెనీలన్నీ మోసమని ఎవరూ అనుకోరాదు. ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చిన పల్లెటూరి పిల్లవాడికి మొదటి అవకాశం ఇస్తున్నది చిన్న కంపెనీలే. పెద్ద కంపెనీలో మూడేళ్ళకు నేర్చుకునే పని మంచి చిన్న కంపెనీలో ఏడాదికి వస్తుంది. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో చిన్నగా మొదలైన కంపెనీయే నేటి జోహో. అది తమిళనాడులో తెన్‌కాశి దగ్గరి మత్తళంపారై అనే పల్లెలో ఆఫీసు పెట్టి, ఇంటరు చదివిన పిల్లలకు కూడా తానే పని నేర్పి ఉద్యోగాలు ఇచ్చింది.

పెద్దదయినంత మాత్రాన భద్రత ఉంటుందన్నదీ నిజం కాదు. 1987లో కొద్దిమందితో మొదలైన సత్యం కంప్యూటర్స్ యాభై వేల పైచిలుకు ఉద్యోగుల కంపెనీ అయింది. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు, ఏళ్ళ తరబడి లేని డబ్బును ఉన్నట్లు లెక్కల్లో చూపామని లేఖ రాశారు. నాడు తెలుగునాట ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగించడానికి కూడా మనసు రాలేదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం కొత్త డైరెక్టర్లను నియమించి, ఏప్రిల్‌లో కంపెనీని టెక్ మహీంద్రాకు అప్పగించిన తరువాత గాని ఉద్యోగులు తెరిపిన పడలేదు. 2015లో రాజుకు హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ శిక్ష విధించింది. అక్కడ చెడినది కూడా లెక్కే. కనుక చూడవలసింది కంపెనీ ఎత్తును కాదు, దాని లెక్కను.

బాండ్లు, సర్టిఫికెట్లు, డిపాజిట్లు

అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఉద్యోగంలో చేరేటప్పుడు డబ్బు కట్టించుకోవడం. శిక్షణ ఫీజు అని, డిపాజిట్ అని, వెనక దారి ఉద్యోగమని లక్ష, రెండు లక్షలు అడుగుతున్నారు. దీనికోసం ఎకరం భూమి కౌలుకు పెట్టినవారు, నగలు కుదువపెట్టినవారు ఉన్నారు. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇవ్వాలి గాని డబ్బు అడగరాదు. అడిగిన చోటు నుంచి లేచి రావడమే మంచిది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని దగ్గర పెట్టుకోవడం మరొక దురలవాటు. చూపించి, నకళ్ళు ఇచ్చి, అసలువి వెంటనే వెనక్కు తెచ్చుకోవాలి. పదో తరగతి మెమో కంపెనీ బీరువాలో ఉన్నంత కాలం పిల్లవాడి నోరు కూడా ఆ బీరువాలోనే ఉంటుంది.

ఇక బాండు సంగతి. ఫలానా కాలంలోపు మానితే ఇంత కట్టాలన్న షరతు ప్రతిదీ చెల్లదనుకోవడం పొరపాటు. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో రెండు లక్షల బాండు చెల్లుతుందని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని ఇంకెక్కడా పని చేయకూడదని జీవితాంతం కట్టిపడేసే షరతులను 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఒప్పుకోదు. చదవకుండా సంతకం చేయరాదు, బెదిరిస్తే ఊరికే హడలిపోనూరాదు. ఇంగ్లీషు కాగితం అర్థం కాకపోతే తెలిసిన ప్లీడరుకు చూపించాలి.

చట్టం ఏమంటున్నది

2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. నెల జీతం తరువాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. ఉద్యోగి మానివేసినా, యజమాని తీసివేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. నియామక పత్రం ఇవ్వడం కూడా కొత్త కోడ్‌ల ప్రకారం యజమాని బాధ్యత. 20 మంది పనిచేసే చోట ప్రావిడెంట్ ఫండ్ నిబంధనలు వర్తిస్తాయి. జీతంలో పీఎఫ్ కోసి ఖాతాలో జమచేయకపోవడం నేరం. జమ అవుతున్నదీ లేనిదీ ఫోనులోనే చూసుకోవచ్చు.

పని గంటలు మొదలైన కొన్ని విషయాలలో ఐటీ కంపెనీలకు రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపులు ఇస్తూ వచ్చిన మాట నిజం. జీతం ఎగ్గొట్టడానికి మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. "మాది సాఫ్ట్‌వేరు, మాకు లేబర్ ఆఫీసు వర్తించదు" అని చెప్పే యజమాని మాట నమ్మవద్దు.

చేరకముందు చేయగల పని ఒకటి ఉన్నది. కేంద్ర ప్రభుత్వ కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో పేరు వెతికితే ఆ కంపెనీ ఏ ఏడాది రిజిస్టరయింది, చిరునామా ఏమిటి అన్నది తెలుస్తుంది. అక్కడ పనిచేసి మానినవారిని ఒక్కరిని పట్టుకుని, జీతం ఏ తేదీన పడేదో అడిగితే సగం సంగతి తేలిపోతుంది. ఎద్దును కొనేముందు పళ్ళు చూసే మనం, పిల్లవాడిని పంపే ముందు ఈపాటి విచారణ చేయకపోవడం తగదు.

మానివేయడం నామోషీ కాదు

పిల్లలు ఇన్ని బాధలు పడుతూ కూడా ఎందుకు ఉండిపోతున్నారని అడగవచ్చు. ఏడాది అనుభవం ఉన్నట్లు కాగితం దొరికితే ఇంకొకచోట ఉద్యోగం వస్తుందన్నది మొదటి కారణం. ఇందులో న్యాయం ఉన్నది. అనుభవానికి విలువ ఉన్న మాట నిజమే. దానికోసం కొంత కష్టం భరించవలసిందే. అయితే ఆ కష్టానికి ఒక గట్టు ఉండాలి. ఒక నెల జీతం ఆలస్యమైతే రాతపూర్వకంగా అడగాలి. రెండవ నెల కూడా రాకపోతే వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాలి. మూడవ నెల దాకా చూస్తూ కూర్చోవడం ఓపిక కాదు, యజమానికి వడ్డీ లేని అప్పు ఇవ్వడం. నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు లెక్క, పని గురించి వచ్చిన మెయిళ్ళు దాచుకుంటే రేపు అర్జీ పెట్టడానికి ఆధారం ఉంటుంది.

రెండవ కారణం ఊరు. కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు అని నలుగురికీ చెప్పుకున్నాక, వెనక్కు వస్తే ఏమంటారోనన్న బెంగ. మానివచ్చిన పిల్లవాడిని రచ్చబండ దగ్గర "ఏమయింది, తీసేశారా?" అని పొడిచేవారు మనలోనే ఉన్నారు. కూలి ఇవ్వని ఆసామి పొలానికి రెండవ రోజు వెళ్ళనివాడిని మనం తెలివిగలవాడంటాం. జీతం ఇవ్వని కంపెనీని వదిలివచ్చినవాడిని చేతగానివాడనడం ఏమి న్యాయం? ఇది మారాలి. తల్లిదండ్రులు ఫోనులో "తిన్నావా?" అని అడిగినట్లే "జీతం ఎన్నో తారీఖున పడింది?" అని కూడా అడగాలి.

అధికారులు పట్టించుకోవాలి

2020 డిసెంబరులో ఖమ్మంలో ఐటీ హబ్ ప్రారంభమైంది. చిన్న కంపెనీలు మన ముంగిటికే వస్తున్నాయి. మంచిదే. అక్కడ చోటు, రాయితీలు పొందే ప్రతి కంపెనీ జీతాలు 7వ తేదీలోపు ఇస్తున్నట్లు, పీఎఫ్ జమచేస్తున్నట్లు చూపించాలన్న షరతు పెడితే ప్రభుత్వానికి పైసా ఖర్చు కాదు.

భద్రాచలం ఐటీడీఏ అధికారులు, ఈ ప్రాంతపు కళాశాలల ప్రిన్సిపాళ్ళు పిల్లలకు ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పడంతో పాటు, నియామక పత్రం ఎలా చదవాలో, జీతం రాకపోతే ఎక్కడ అర్జీ ఇవ్వాలో ఒక్క పూటైనా చెప్పించాలి. జిల్లా కార్మిక శాఖ వారు హైదరాబాదు కంపెనీ మీద వచ్చిన అర్జీ అని తిప్పి పంపకుండా, తీసుకుని అక్కడి కార్యాలయానికి చేర్చే ఏర్పాటు చేయాలి. చర్ల నుంచి హైదరాబాదు లేబర్ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగితే రావలసిన జీతం బస్సు చార్జీలకే సరిపోతుంది. ఈ విషయాన్ని జిల్లా అధికారులు గుర్తించి తగు చర్య తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.