ఊరంతా చెప్పేసిన తీర్పు

2019 మార్చి 15 ఉదయం పులివెందుల నుంచి బయటికొచ్చిన మొదటి మాట గుండెపోటు. మాజీ మంత్రి, మాజీ ఎంపీ వై.ఎస్. వివేకానందరెడ్డి రాత్రి చనిపోయారని, బాత్రూంలో పడి ఉన్నారని టీవీల్లో స్క్రోలింగులు నడిచాయి. పోస్టుమార్టం అయ్యాక ఆ మాట నిలవలేదు. తల మీద, ఒంటి మీద పదునైన ఆయుధపు గాయాలు బయటపడ్డాయి. అనుమానాస్పద మృతిగా రాసుకున్న కేసు హత్య కేసుగా మారింది. ఆనాటి నుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందులల్లో ఆయన్ని ఎవరు చంపారో, ఎందుకు చంపారో చెప్పలేని మనిషి దొరకడం కష్టం. బస్టాండు పక్కన టీ బంకు దగ్గర అడిగినా "అందరికీ తెలిసిందే కదా సామీ" అనే అంటారు. ఏం తెలుసని రెట్టించి అడిగితే, చెప్పే మనిషి ఏ పార్టీవాడో మనకు తెలిసిపోతుంది. హత్య గురించి తెలిసేది మాత్రం తక్కువ.

జనం అనుమానపడటం తప్పని నేను అనను. ఆ రోజు అనుమానపడినవాళ్లు లేకపోతే గుండెపోటు మాటే మిగిలేది, అంత్యక్రియలతో కథ ముగిసేది. తండ్రి మరణం మీద కుమార్తె డాక్టర్ సునీత పట్టు వదలకుండా హైకోర్టు తలుపు తట్టింది కూడా అనుమానంతోనే. అనుమానం ప్రశ్న అడుగుతుంది, జవాబు కోసం ఆగుతుంది. ఈ కేసులో మనం చూస్తున్నది అది కాదు. ముందుగా హంతకుణ్ణి నిర్ణయించుకుని, అతనికి సరిపోయే ఉద్దేశాన్ని వెతుక్కుని, ఆ ఉద్దేశానికి సరిపడని ఆధారాన్ని పక్కకు నెట్టడం. ఇది రెండు వైపులా జరుగుతోంది. దీనివల్ల నష్టపోయేది చనిపోయిన మనిషికి దక్కాల్సిన న్యాయం.

ఆ ఉదయం ఇంట్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. పోలీసులు గదిని తమ అధీనంలోకి తీసుకునేలోపే బంధువులు, అనుచరులు, నాయకులు అక్కడికి చేరారు. పడకగదిలో రక్తపు మరకలు కడిగేశారని, గాయాలకు కట్లు కట్టారని సీబీఐ అభియోగం. ఎవరు చెప్తే చేశారు, తెలిసి చేశారా అన్నది న్యాయస్థానం తేల్చాలి. కానీ గుండెపోటు అన్న మాటను అంతమంది నమ్మిన ఆ కొద్ది గంటల్లో నేల మీద, గోడ మీద, పరుపు మీద ఉన్న ఆధారం చాలావరకు పోయింది. ఎవరో పుట్టించిన ఒక ఊహ ఆధారాన్ని ఎలా తినేస్తుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

దూరంలో ఒకటి ఉంది. 1932 మార్చి 1న అమెరికాలోని న్యూజెర్సీలో విమాన చోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పసిబిడ్డను మేడ మీది గది నుంచి ఎత్తుకుపోయారు. వార్త పొక్కగానే పోలీసులు, విలేకరులు, చూడవచ్చిన జనం ఆ ఇంటి చుట్టూ నేలంతా తొక్కేశారు. కిటికీ కింద కనిపించిన అడుగుజాడను సరిగా కొలవనే లేదు. మే నెలలో బిడ్డ శవం దొరికింది. ఒకరిని 1936లో మరణశిక్షకు గురిచేశారు కూడా. అతనొక్కడే చేశాడా, ఇంకెవరైనా ఉన్నారా అని అక్కడ నేటికీ పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. మొదటి రోజు పోయిన ఆధారం తర్వాత ఎన్నేళ్లు తవ్వినా రాదు, ఆ ఖాళీలోకి ఎవరికి తోచిన కథ వాళ్లు పెట్టుకుంటారు.

మన సీమలో ఈ అలవాటుకు పాత వేరు ఒకటుంది. ఫ్యాక్షన్ రోజుల్లో ఊళ్లో ఒక మనిషి పోతే, ఫిర్యాదు రాయకముందే పేర్ల జాబితా తయారయ్యేది. కొట్టినవాళ్లతో పాటు ఆ పూట ఊళ్లోనే లేని అవతలి వర్గం పెద్ద పేరూ అందులో ఎక్కేది. ఎందుకు చంపారని ఎవరూ అడిగేవారు కాదు, వర్గమే ఉద్దేశం. ఎలా చంపారన్నది పోలీసులకు వదిలేసేవారు. ఏళ్ల తర్వాత రాజీ కుదిరితే సాక్షులు అడ్డం తిరిగేవారు, కేసు కొట్టేసేవారు, రెండు వర్గాలూ నిజం తమకు ముందే తెలుసునన్న నమ్మకంతో ఇళ్లకు పోయేవి. మూడు తరాలు అలా గడిచిన చోట కోర్టు తీర్పు కోసం ఎదురు చూడటం ఎవరికీ అలవాటు కాలేదు. పులివెందుల హత్యకు అదే చూపు తగిలింది. తేడా ఏమిటంటే ఇక్కడ వర్గం స్థానంలో పార్టీ ఉంది, రచ్చబండ స్థానంలో రాష్ట్రమంతా చూసే టీవీ ఉంది.

ఉద్దేశాల సంగతి చూడండి. 2019 ఎన్నికల్లో కడప ఎంపీ టికెట్ గొడవ అన్నారు. 2017లో స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికలో ఆయన ఓటమి నాటి పగ అన్నారు. బెంగళూరు భూమి సెటిల్‌మెంటు అన్నారు. ఆస్తి తగాదా అన్నారు, కుటుంబ కలహం అన్నారు. ఇవి చాలవన్నట్టు ఆయన వ్యక్తిగత జీవితంలోని ఆడవాళ్లను బజారుకు లాగారు. ఈ నేరంతో ఏ సంబంధమూ రుజువు కాని మనుషుల బతుకుల్ని చర్చా వేదికల మీద పరిచి, ఎన్నికల సభల్లో వాడుకున్నారు. దాని గురించి ఏ పార్టీ సిగ్గుపడినట్టు నాకు కనిపించలేదు.

ఉద్దేశం ఉన్నంత మాత్రాన నేరం రుజువు కాదు. ఒక మనిషి మీద నలుగురికి కోపం ఉండొచ్చు, నలుగురూ చంపరు. ప్రత్యక్ష సాక్షి లేని కేసుల్లో పరిస్థితుల ఆధారాలు ఎలా ఉండాలో 1984లో శరద్ బిర్దీచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకదానికొకటి గొలుసులా కలిసి, నిందితుడు తప్ప మరొకరు చేసి ఉండే అవకాశం మిగలకుండా ఉండాలి. టీవీ చర్చలో ఒక లంకె దొరికితే చాలు, గొలుసు పూర్తయిందంటారు. కోర్టులో ఒక లంకె తెగితే గొలుసంతా పోతుంది.

ఈ కేసులోని లంకెల్ని దగ్గరగా చూస్తే తొందరపడటం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. వివేకా రాసినట్టు చెప్పిన ఒక లేఖ దొరికింది. డ్యూటీకి త్వరగా రమ్మన్నందుకు డ్రైవర్ తనను కొట్టాడన్నది అందులోని మాట. ఆ లేఖ వెంటనే కాకుండా ఆలస్యంగా పోలీసుల చేతికి వెళ్లడం ఒక వివాదం. అక్షరాలు ఆయనవే అయినా, ఆయన చేత ఎవరైనా బలవంతంగా రాయించారా అన్నది అసలు ప్రశ్న. అందుకే దాని మీద వేలిముద్రలు వెతకడానికి నిన్‌హైడ్రిన్ పరీక్ష చేయించాలని సీబీఐ కోరింది. చేతి చెమటలోని అమైనో ఆమ్లాలు ఆ రసాయనంతో కలిస్తే ఊదా రంగు గుర్తులు తేలతాయి. కానీ ఆ ప్రక్రియలో అసలు కాగితం పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకని ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. ఒక్క కాగితం విషయంలో చట్టం ఇంత జాగ్రత్త పడుతుంటే, అదే కాగితం మీద రెండు వైపులవాళ్లూ ఏళ్ల కిందటే తీర్పులిచ్చేశారు.

గూగుల్ టేకౌట్ సంగతీ అంతే. ఫోను ఎక్కడెక్కడ తిరిగిందో గూగుల్ దాచుకున్న వివరాలను సీబీఐ ఆధారంగా చూపింది. ఫలానా మనిషి హత్య వేళ ఆ ఇంటి దగ్గరే ఉన్నాడని పత్రికలు పటాలు గీశాయి. తర్వాత అందులోని సమయాలను ఏ కాలమానంలో చదవాలన్న పేచీ వచ్చింది. అంతర్జాతీయ కాలమానానికీ మన గడియారానికీ మధ్య తేడా 5 గంటల 30 నిమిషాలు. ఆ తేడా కలిపితే అర్ధరాత్రి దాటిన వేళ కాస్తా ఉదయం అవుతుంది, అంటే ఊరంతా ఆ ఇంటికి పరుగెత్తిన వేళ అవుతుంది. ఒకే అంకెను ఒక తీరున చదివితే ఆ మనిషి హంతకుడు, ఇంకో తీరున చదివితే పరామర్శకు వచ్చినవాడు. సాంకేతిక నిపుణుణ్ణి బోనులో నిలబెట్టి, అటూ ఇటూ న్యాయవాదులు గుచ్చిగుచ్చి అడిగితే తప్ప ఇది తేలదు.

నేరంలో తానూ ఉన్నానని ఒప్పుకున్న మరో డ్రైవర్ 2021 ఆగస్టులో ప్రొద్దుటూరు మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చాడు, తర్వాత అప్రూవర్ అయ్యాడు. ఒక వర్గానికి అతని ప్రతి మాటా వేదం, ఇంకో వర్గానికి ప్రతి మాటా అమ్ముడుపోయినది. చట్టం ఈ రెండింటిలో దేన్నీ ఒప్పుకోదు. అప్రూవర్ మాటను బయటి ఆధారంతో సరిచూసుకోవాలని చెబుతుంది. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం కూడా, ఆ మనిషి విచారణలో బోనెక్కి చెప్పేదాకా నేరుగా సాక్ష్యం కాదు.

రాజకీయ పార్టీల తీరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు సీబీఐ దర్యాప్తు కావాలని హైకోర్టుకు వెళ్లిన జగన్‌మోహన్‌రెడ్డి, ముఖ్యమంత్రి అయ్యాక 2020 ఫిబ్రవరిలో ఆ పిటిషన్ ఉపసంహరించుకున్నారు. హత్య నాడు అధికారంలో ఉన్న తెలుగుదేశం, ప్రతిపక్షంలోకి రాగానే దాన్ని ప్రచారాస్త్రం చేసుకుంది. 2020 మార్చిలో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 2021 అక్టోబరులో మొదటి చార్జిషీటు వచ్చింది. 2022లో దర్యాప్తు అధికారి మీదే కడపలో కేసు పెట్టారు. ఆ ఏడాది నవంబరు 29న సుప్రీంకోర్టు విచారణను హైదరాబాద్ సీబీఐ కోర్టుకు బదిలీ చేసింది. కడప ఎంపీ అవినాష్‌రెడ్డిని, ఆయన తండ్రిని సీబీఐ నిందితులుగా చేర్చింది. ఆ ఆరోపణలను వారు ఖండిస్తున్నారు. ఇన్ని మలుపుల్లో ఒక్కసారి కూడా ఆధారాలు పూర్తిగా కోర్టు వెలుతురులోకి రాలేదు, ప్రతి మలుపులోనూ ఊహలకు మాత్రం కొత్త మేత దొరికింది.

వీటన్నిటి బరువు చివరికి ఎవరి మీద పడిందో చెప్పాలి. ఆ ఇంటి వాచ్‌మన్ వయసు మళ్లిన మనిషి. 2021 జూలైలో జమ్మలమడుగు మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చాడు. అలా చెప్పిన మాట రహస్యంగా ఉండాలి. ఆ తర్వాత ఆయన ఇంటి ముందు మైకులు వాలాయి. ఏ పేర్లు చెప్పారు, ఎంత సుపారీ అన్నారు అని అడిగారు, ఆయన చెప్పిందీ చెప్పనిదీ రాష్ట్రమంతా ప్రసారమైంది. కీలక సాక్షి ఎక్కడ ఉంటాడో, ఏం చెబుతాడో, ఎవరికి వ్యతిరేకంగా చెబుతాడో విచారణ మొదలవకముందే ప్రతివాడికీ తెలిసిపోయింది. 2025 మార్చిలో ఆయన అనారోగ్యంతో ఉండి చనిపోయాడు. వెంటనే చంపేశారని కొందరు, సహజ మరణమని కొందరు. పాతిపెట్టిన శవాన్ని వెలికి తీసి పరీక్ష చేశారు. ఈ కేసుతో ముడిపడ్డవారి మరణాలపై సిట్ వచ్చింది. ఆ మరణం మీద ఎవరి ఊహ నిజమైనా, ఆయన సాక్ష్యం ఇక కోర్టుకు దక్కదు. ఆయన బోనెక్కక ముందే పోయాడు. అందరూ హంతకుడి గురించి మాట్లాడుతుంటే, ఆరేళ్లలో ఆ ముసలాయన చేత విచారణలో సాక్ష్యం ఎందుకు చెప్పించలేకపోయామని అడిగినవాళ్లు చాలా తక్కువ. నాకు ఈ కేసులో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

జనం ఒత్తిడికి దర్యాప్తు లొంగితే ఏమవుతుందో ఈ రాష్ట్రానికి తెలుసు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థినిని హత్య చేశారు. జనం నోళ్లలో కొన్ని పేర్లు నానాయి, ఆందోళనలు జరిగాయి. 2008లో ఒక పేద యువకుణ్ణి పట్టుకొచ్చి ఇతనే అన్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి అతని యవ్వనం జైల్లో గడిచిపోయింది. తర్వాత సీబీఐ వచ్చి శవాన్ని మళ్లీ తవ్వి తీయాల్సి వచ్చింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు జవాబు దొరకలేదు.

నోళ్లు కట్టేయడం దీనికి మందు కాదు. 2024 ఎన్నికల వేళ కడప కోర్టు వివేకా హత్య గురించి మాట్లాడొద్దని పలువురు నాయకుల్ని, సునీతను కూడా ఆదేశించింది. పోలింగ్ ముగిసిన నాలుగు రోజులకు, మే 17న, సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. తండ్రిని పోగొట్టుకున్న మనిషిని మాట్లాడొద్దనడం న్యాయం కాదు. పత్రికలు రాయకూడదనడమూ కాదు. విచారణ జరగని కాలమంతా ఊహల కాలమే. రోజువారీ విచారణ జరిగి, సాక్షులు ఒక్కొక్కరే బోనెక్కి, అడ్డుప్రశ్నలకు నిలిచో తడబడో కనిపిస్తుంటే జనం మాట్లాడుకోవడానికి నిజమైన విషయం ఉంటుంది.

ఈ హత్యకు మూడు నెలల ముందే, 2018 డిసెంబరు 5న, మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని చట్టంతో సమానంగా అమలు చేయమంది. జిల్లా జడ్జి అధ్యక్షుడుగా, పోలీసు అధిపతి సభ్యుడుగా ప్రతి జిల్లాలో కమిటీ ఉండాలి. సాక్షికి ఉన్న ముప్పు మీద పోలీసులు నివేదిక ఇవ్వాలి, అవసరమైతే ఇల్లు మార్చాలి, వివరాలు దాచాలి. పులివెందుల నుంచి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పాల్సిన మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్లలో పెద్ద వయసు వాళ్లెవరో, జబ్బుతో ఉన్నవాళ్లెవరో సీబీఐ దగ్గర లెక్క ఉండాలి. ముందుగా వాళ్లను పిలిపించమని ప్రాసిక్యూషన్ ఆ కోర్టును అడగాలి. ప్రయాణానికి, బసకు, కాపలాకు ఎవరు బాధ్యులో కడప జిల్లా కమిటీ రాతపూర్వకంగా తేల్చాలి. వాళ్ల ఇళ్ల ముందుకు మైకులు పట్టుకుని వెళ్లొద్దని ఏ చానల్ యజమాని అయినా తన విలేకరులకు ఈరోజే చెప్పొచ్చు, దానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు.