ట్రాక్టర్ల అప్పు – లండన్ తీర్పు

ధనిక దేశాలు పేద దేశాల అప్పులు మాఫీ చేశాయని పత్రికల్లో చదివినప్పుడు ఎవరికైనా సంతోషమే. అలా మిగిలిన సొమ్ము చివరికి ఎవరి చేతికి చేరిందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వేసుకుంటాం. ఆఫ్రికా ఖండంలోని జాంబియాకు ఎదురైన అనుభవాన్ని ఈ వారం పరిశీలిద్దాం. జాంబియా ముస్లిం దేశం కాదు, అక్కడ మనవాళ్లు బహు కొద్దిమంది. అయినా జుల్మ్ ఎవరి మీద జరిగినా జుల్మే.

1979లో జాంబియా రుమేనియా నుంచి ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రాలు అరువుకు తెచ్చుకుంది. అప్పు ఒకటిన్నర కోటి డాలర్లు. ఆ దేశానికి రాగి ఎగుమతులే జీవనాధారం. 1970వ దశకం మధ్యలో రాగి ధర పడిపోయింది, చమురు ధర పెరిగింది, 1980వ దశకం ఆరంభానికి అమెరికాలో వడ్డీ రేట్లు విపరీతంగా పెరిగాయి. అప్పు తీరలేదు. వడ్డీలు కలిసి ఇరవై ఏళ్లలో అది దాదాపు మూడు కోట్ల డాలర్లయింది.

1999లో రుమేనియా ఈ అప్పును అమ్మేసింది. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో రిజిస్టరైన డోనెగల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ దాన్ని సుమారు 33 లక్షల డాలర్లకు, అంటే రూపాయికి పదకొండు పైసల చొప్పున కొనుక్కుంది. తర్వాత జాంబియా నుంచి ఐదున్నర కోట్ల డాలర్లు ఇప్పించమని లండన్ హైకోర్టులో దావా వేసింది. అంత మొత్తానికి కోర్టు ఒప్పుకోలేదు. అయినా 2007లో ఒకటిన్నర కోటి డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు వచ్చింది. 2003లో జాంబియా అధికారులే రాజీ ఒప్పందం మీద సంతకాలు చేసి ఉండటం కంపెనీకి కలిసివచ్చింది. ఆ అధికారుల బాధ్యతను మేము తక్కువ చేసి చూపడం లేదు.

కాలక్రమం గమనించండి. 2005లోనే ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి పథకం కింద జాంబియా అప్పుల్లో అధిక భాగం రద్దుకు మార్గం ఏర్పడింది. 2006 ఏప్రిల్‌లో ఆ ప్రభుత్వం పల్లెల్లోని ఆసుపత్రులలో ఫీజులు ఎత్తివేసింది. మరుసటి సంవత్సరమే లండన్ తీర్పు! మిగతావారు మాఫీ చేయబట్టే జాంబియా ఖజానాలో నాలుగు డబ్బులు మిగిలాయి. మాఫీ చేయనివాడు వచ్చి వాటిలో వాటా పట్టుకుపోయాడు.

ఇస్లాం అప్పును తేలికగా చూసే ధర్మం కాదు. అప్పు మిగిల్చి చనిపోయిన ఒక వ్యక్తికి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పును తన మీద వేసుకున్న తర్వాతే చేయించారని హదీసు. కనుక అసలు తీర్చవలసిందే. అయితే బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వాలని, వదిలేస్తే మరీ మంచిదని సూరె బఖరా 280వ ఆయత్‌లో అల్లాహ్ ఆదేశం. జకాత్ ఖర్చు పెట్టవలసిన ఎనిమిది పద్దుల్లో అప్పులపాలైనవారిది ఒకటి.

అప్పును మూడో మనిషికి తక్కువ ధరకు అమ్మడాన్ని అత్యధిక ఫుఖహా ఒప్పుకోలేదు. ఫిఖహ్ చదివే పిల్లలకు ఈ అధ్యాయం చప్పగా అనిపిస్తుంది, ఆవలిస్తూ వింటారు. కానీ జాంబియా గతి చూస్తే ఆ పెద్దల ముందుచూపు అర్థమవుతుంది. డబ్బుకు బదులు హెచ్చు డబ్బు వడ్డీయే కదా! మరో సంగతి కూడా ఉంది. మొదట అప్పిచ్చినవాడికి బాకీదారుతో పరిచయం ఉంటుంది, రేపు మళ్లీ ముఖం చూడాలి, జాలి పడే వీలుంటుంది. అప్పును కొనుక్కున్నవాడికి ఆ అవసరం లేదు. మాఫీ చేస్తే అతని వ్యాపారమే లేదు. ఇదంతా తెల్లదొరల పనే అనుకోనక్కర్లేదు. మన పేటల్లోనూ ఇతరుల ప్రాంసరీ నోట్లు చవకగా కొని, ముక్కుపిండి వసూలు చేసే కలిమాగో సోదరులు లేరా?

జాంబియా ఉదంతం మీద విమర్శలు వచ్చాక 2010లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. మాఫీ పథకంలో చేరిన పాత అప్పులను కొన్న కంపెనీలు ఆ పథకం ఇచ్చిన రాయితీని దాటి బ్రిటన్ కోర్టుల్లో వసూలు చేసుకోరాదన్నది దాని సారాంశం. మంచి చట్టమే. కానీ తర్వాత పుట్టిన అప్పులు దాని కిందికి రావు.

ఆ తర్వాత జాంబియా మళ్లీ అప్పుల బాట పట్టింది. 2012, 2014, 2015 సంవత్సరాల్లో మొత్తం 300 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. మొదటిదానికి వడ్డీ 5.375 శాతం, మూడోదానికి 8.97 శాతం. పేదరికం పెరిగేకొద్దీ వడ్డీ పెరగడం ఈ బజారు న్యాయం! బాండ్లు రోజూ చేతులు మారుతుంటాయి కాబట్టి ఫలానావాడికి బాకీ అని చెప్పుకునే వీలు కూడా లేదు. 2020 నవంబర్‌లో జాంబియా వడ్డీ చెల్లించలేక చేతులెత్తేసింది. అప్పిచ్చిన ప్రభుత్వాలతో 2023లో, బాండ్లవారితో 2024లో గానీ ఒప్పందాలు కుదరలేదు. అదే 2024లో తీవ్రమైన కరువు వచ్చి ఆ దేశంలో మొక్కజొన్న పంట దెబ్బతింది. కొత్త ఒప్పందం ప్రకారం కొన్ని బాండ్ల గడువు 2053 వరకు ఉంది.