మాటల కోసం రెండేళ్లు ఆగకండి

"మగపిల్లాడు కదా, మాటలు కాస్త ఆలస్యం. వాళ్ల నాన్నకూ మూడో ఏడు వచ్చేదాకా మాట రాలేదు." పసిబిడ్డ ఉన్న ఇళ్లలో ఈ ఓదార్పు తరచూ వినిపిస్తుంది. చెప్పేవాళ్లకు చెడు తలంపు ఉండదు. అయినా వినికిడి లేని బిడ్డకు ఇంతకు మించి హాని చేసే మాట మరొకటి లేదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. మొక్కులు మొక్కుతారు. రెండో పుట్టినరోజు వెళ్లనీ అంటారు. ఈలోగా గడిచిపోయిన నెలలను ఏ వైద్యుడూ తెచ్చివ్వలేడు.

నాలుక బాగానే ఉంది, లోపం చెవిలో ఉంది. తల్లి కడుపులో ఆరో నెల దాటేసరికే బిడ్డ చెవి పనిచేయడం మొదలుపెడుతుంది. పుట్టాక తొలి మూడేళ్లలో మెదడు శబ్దాన్ని మాటగా పోల్చుకోవడం నేర్చుకుంటుంది. ఆ వయసులో శబ్దం అందకపోతే, వినికిడి కోసం ఉన్న చోటును మెదడు చూపు వంటి వేరే పనులకు వాడేసుకుంటుంది. పుట్టు చెవుడున్న బిడ్డకు ఏడెనిమిదేళ్లప్పుడు ఎంత ఖరీదైన పరికరం పెట్టించినా శబ్దం చేరుతుంది గానీ, అది మాటగా అర్థం కావడం చాలా కష్టం. ఆరు నెలల లోపు లోపం బయటపడి సాయం అందిన పిల్లలకు, ఆ తర్వాత బయటపడిన పిల్లలకంటే భాష ఎంతో మెరుగ్గా వచ్చిందని కొలరాడో విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం 1998లోనే చూపించింది. అందుకే నెల లోపు తొలి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స అన్న గడువును ప్రపంచమంతటా వైద్యులు పాటిస్తున్నారు. మనం మాత్రం ఇంకా రెండో పుట్టినరోజు దగ్గరే ఆగి ఉన్నాం.

మా వంశంలో చెవుడు లేదు కదా అని ధీమాగా ఉండకండి. వినికిడి లోపంతో పుట్టే పిల్లల్లో అత్యధికుల తల్లిదండ్రులు చక్కగా వినగలిగేవాళ్లే. లోపపు జన్యువు ఇద్దరిలోనూ దాగి ఉండి, ఇద్దరి నుంచీ బిడ్డకు చేరినప్పుడే బయటపడే రకాలు ఎక్కువ. మేనరికాల్లో ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది.

ఇక ఇంట్లో చేసే పరీక్ష. బిడ్డ వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో కొడతారు. బిడ్డ తిరిగి చూస్తుంది. "వినపడుతోంది!" అని ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఆ బిడ్డ తిరిగింది అమ్మ నీడ కదిలినందుకు కావచ్చు, మంచం అదిరినందుకు కావచ్చు. నిజంగానే పళ్లెం మోత విన్నా సరే, మాటలో ఉండే స, శ, త వంటి సన్నని ధ్వనులు వినపడుతున్నాయనడానికి అది రుజువు కాదు. డప్పు మోత వినగలిగి, అమ్మ మాట అందని పిల్లలు ఉన్నారు. పూర్తిగా వినపడని పిల్లలు కూడా తొలి నెలల్లో ఉంగా ఉంగా అంటారు, కేరింతలు కొడతారు. తర్వాత అవి పెరగాల్సింది పోయి తగ్గుతాయి. అప్పటికి ఇంట్లో అనుమానం వస్తే, ఆరు నెలలు అప్పటికే పోయినట్టే.

అసలు పరీక్షకు నొప్పి లేదు, సూది లేదు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో మెత్తని చిన్న మొన పెడతారు. లోపలి చెవి తిరిగి పంపే సన్నని ధ్వనిని యంత్రం కొన్ని నిమిషాల్లో పట్టుకుంటుంది. దీన్ని ఓఏఈ అంటారు. ఫలితం 'పాస్' అనో 'రిఫర్' అనో వస్తుంది. ఎక్కువ మంది పిల్లలు జారిపోయేది ఇక్కడే. రిఫర్ అని రాసిన డిశ్చార్జి కాగితం ఫైల్లోకి, ఫైలు బీరువాలోకి పోతుంది. బారసాల, అన్నప్రాశన హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. రిఫర్ అంటే చెవుడని కాదు. పుట్టిన కొత్తలో చెవిలో తెట్టె ఉన్నా అలా రావచ్చు. కానీ మళ్లీ పరీక్ష చేయించి తీరాలని మాత్రం దాని అర్థం.

నెలలు నిండక పుట్టి ఐసీయూలో గడిపిన బిడ్డ, పసిరికలు బాగా ముదిరి రక్తం మార్చాల్సి వచ్చిన బిడ్డ ఉంటే ఓఏఈలో పాస్ వచ్చినా ఆగకండి. చెవి బాగుండి, శబ్దాన్ని మోసుకెళ్లే నరం దెబ్బతిని ఉండవచ్చు. అది బెరా పరీక్షలోనే తేలుతుంది. ఏ వయసులోనైనా పిల్లలకు మెనింజైటిస్ వస్తే, జ్వరం తగ్గగానే వినికిడి పరీక్ష చేయించాలి. ఆ జబ్బు తర్వాత లోపలి చెవి కొన్ని వారాల్లోనే గట్టిపడి ఎముకలా మారవచ్చు. అప్పుడు లోపలి చెవిలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సకు కూడా దారి మూసుకుపోవచ్చు.

లోపం తేలి పరికరం పెట్టించాక ఇక అంతా సవ్యమేనని అనుకోవడం మరో ప్రమాదం. పసిపిల్లల చెవి పెరుగుతూ ఉంటుంది కాబట్టి వినికిడి యంత్రం అచ్చును కొన్ని నెలలకోసారి మార్చాలి. మార్చకపోతే వదులై, యంత్రం కీచుమంటుంది. ఆ గోల భరించలేక తీసి పక్కన పెట్టేస్తారు. కాక్లియర్ ఇంప్లాంట్ ఆరోగ్యశ్రీ వంటి రాష్ట్ర పథకాల్లో ఉంది. కేంద్రం అడిప్ పథకం కింద కూడా ఇస్తుంది, కానీ పుట్టు చెవుడున్న పిల్లలకు ఐదేళ్ల వయసు దాటకూడదు. ఆపరేషన్ రెండు మూడు గంటల పని. వినడం, మాట్లాడడం నేర్పే థెరపీ ఏళ్ల తరబడి సాగాలి. అది ఇంట్లో కూడా, అన్నం పెట్టేటప్పుడూ స్నానం చేయించేటప్పుడూ తల్లిదండ్రులు చేయాల్సింది. థెరపీ కోసం నెలనెలా బస్సెక్కి నగరానికి రాలేక మానేసిన కుటుంబాలను తప్పుపట్టడం అన్యాయం. థెరపిస్టులను మండలాల దాకా పంపని ప్రభుత్వాలదే ఆ తప్పు.

యంత్రంతో ఫలితం రాని పిల్లలూ ఉంటారు. వాళ్ల చేతులు పట్టుకుని "సైగలు చేయొద్దు, మాట్లాడు" అని గద్దించడం క్రూరత్వం. భారతీయ సంజ్ఞా భాష సంపూర్ణమైన భాష. దాని పరిశోధన, శిక్షణ కోసం 2015లో ఢిల్లీలో కేంద్ర సంస్థ ఏర్పడింది. ఆ భాషను ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలి. ఏ భాషా లేకుండా ఐదేళ్లు పెరగడం కన్నా పెద్ద నష్టం బిడ్డకు మరొకటి లేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచే పిల్లల లోపాలను గుర్తించాలంటోంది. అందులో పుట్టు చెవుడూ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఇక ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి: చెవి పరీక్ష ఫలితం రాయకుండా ఏ ప్రసూతి ఆస్పత్రీ, సర్కారుదైనా ప్రైవేటుదైనా, బిడ్డను ఇంటికి పంపకూడదు. ప్రసవానికి లక్ష రూపాయల ప్యాకేజీ వేసే ఆస్పత్రికి ఈ పరీక్ష చేసే యంత్రం భారమేమీ కాదు.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే పుట్టినప్పటి కాగితాలు ఈ రాత్రే తీసి చూడండి. చెవి పరీక్ష పేరు కనిపించకపోయినా, రిఫర్ అని ఉన్నా, జిల్లా ఆస్పత్రిలో పిల్లల లోపాలకు తొలిదశలోనే సాయం చేసే డీఈఐసీ కేంద్రానికో, హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రికో, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ వినికిడి లోపాల సంస్థ ప్రాంతీయ కేంద్రానికో ఈ వారంలోనే తీసుకెళ్లండి. పెద్దవాళ్లు వద్దన్నా సరే, తీసుకెళ్లండి.