ఆ స్ప్రింగుకు ఎదురుగా ముఖం పెట్టకండి

సుత్తి, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, షాట్‌గన్ రికాయిల్ స్ప్రింగు ఇంట్లోనే మార్చేసుకోవచ్చని నమ్మేవాళ్ళకు ఈ హెచ్చరిక. మార్చుకోవచ్చు, నిజమే. కన్ను పోగొట్టుకోవడానికీ అదే పని చాలు.

అమెరికాలో 1963లో అమ్మకానికొచ్చిన రెమింగ్టన్ 1100 సంగతే చూడండి. పాతవి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి, అక్కడి మనవాళ్ళలో తుపాకీ కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు. తూటా పేలినప్పుడు పుట్టే వాయువు బోల్టును వెనక్కి నెడుతుంది. బోల్టు వెళ్ళి వెనక చెక్కలో దాగిన గొట్టంలోని స్ప్రింగును అణుస్తుంది. ఆ స్ప్రింగే మళ్ళీ బోల్టును ముందుకు తోసి కొత్త తూటా ఎక్కిస్తుంది. బాతుల వేటకని చిత్తడి నేలల్లో తిప్పిన తుపాకీలో నీరు ఆ గొట్టంలోకి దిగి తుప్పు పడుతుంది. బోల్టు సరిగా మూసుకోదు. అప్పుడే యజమాని పనిముట్లు అందుకుంటాడు.

ముందు తూటాలు తీసేయండి. గొట్టం లాంటి మ్యాగజైన్‌లో ఒకటి ఇరుక్కుని ఉండిపోవచ్చు. అక్కడా, బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే గదిలోనూ కళ్ళతో చూసి, వేలితో తడిమి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టాకే స్క్రూ ముట్టండి.

చెక్క ఊడదీస్తే గొట్టం చివర చిన్న బిరడా, దానికి అడ్డంగా ఒక పిన్ను కనిపిస్తాయి. బోల్టు మూసి ఉన్నా ఆ బిరడా వెనక స్ప్రింగు అణిగే ఉంటుంది. అసలు ప్రమాదమంతా ఇక్కడే. తుప్పుపట్టిన పిన్ను కదలదు, మనిషికి విసుగొస్తుంది, ముందుకు వంగి ఇంకో దెబ్బ వేస్తాడు. పిన్ను జారిన మరుక్షణం బిరడా, స్ప్రింగు కలిసి బయటికి దూసుకొస్తాయి. చూపు కోసం పెట్టుకునే కళ్ళద్దాలు ఇక్కడ చాలవు, పక్కలు కూడా కప్పే రక్షణ అద్దాలు పెట్టుకోండి. తుపాకీని బెంచ్ వైస్‌లో మెత్తటి గుడ్డ వేసి బిగించి, గొట్టం మూతిని గోడవైపు తిప్పండి. పిల్లల్ని ఆ గదిలోకి రానీయకండి. బిరడాను గట్టి కర్రతో లోపలికి అదిమి పట్టుకుని పిన్ను తీయండి, తర్వాత కర్రను నెమ్మదిగా వెనక్కి వదలండి.

తిరిగి ఎక్కించడం ఇంతకన్నా కష్టం. ఒక చేత్తో స్ప్రింగును అణిచి, రంధ్రాలు కలిపి, రెండో చేత్తో పిన్ను దూర్చాలి. ఒంటరిగా చేయకండి. కత్తిరించిన స్ప్రింగు, సాగదీసిన స్ప్రింగు వాడనే వాడకండి. బోల్టు వెనక ఉండి స్ప్రింగును నెట్టే కడ్డీ (లింకు) కొస స్ప్రింగు ముందుండే గుంటలో కూర్చుందో లేదో చూశాకే చెక్క బిగించండి. బ్యారెల్ తీసి ఉండగా బోల్టును ముందుకు వదిలితే తుపాకీ దెబ్బతింటుంది, దారిలో వేలుంటే అదీ నలుగుతుంది.

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం మరమ్మతును కూడా లైసెన్సు కిందే పెట్టింది. ఇక్కడ సొంత ప్రయోగాలు వద్దు. అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా, తేలిక దెబ్బలకు పిన్ను కదలకపోతే అక్కడితో ఆపి గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళండి. స్ప్రింగు మార్చాక రేంజిలో మొదట ఒక్క తూటా, తర్వాత రెండు నింపి చూడండి. రెండోదాని మీద బోల్టు పూర్తిగా మూసుకోకపోతే ట్రిగ్గర్ ముట్టకుండా తూటా తీసేయండి.