ఆటను పట్టేది ఫ్లాష్ కాదు.. షట్టర్!

స్పోర్ట్స్ ఫొటోగ్రఫీలోకి రావాలనుకునే విద్యార్థులు తరచూ అడిగే మొదటి ప్రశ్న ‘ఏ ఫ్లాష్ కొనమంటారు?’ అనే. ఇప్పుడే ఏదీ కొనొద్దన్నది నా అభిప్రాయం. ఈఎంఐ పెట్టి ఫ్లాష్ తెచ్చుకున్నాక, ఇండోర్ హాల్లో మొదటి గేమ్ అయినా పూర్తికాకుండానే నిర్వాహకులు వచ్చి ‘అది ఆపెయ్ బాబూ’ అంటారు. బ్యాడ్మింటన్, జిమ్నాస్టిక్స్ పోటీల్లో ఫ్లాష్ వాడకూడదన్నది మామూలుగా ఉండే నిబంధన. అందులో చాదస్తమేమీ లేదు. గాల్లోకి ఎగిరి స్మాష్ కొట్టబోతున్న అమ్మాయి కళ్లలో మెరుపు పడితే పాయింటు పోవడం అటుంచండి, దిగేటప్పుడు కాలు మెలిక పడొచ్చు. మీ ఫొటో కోసం ఆమె ఆ మూల్యం ఎందుకు చెల్లించాలి?

సరే, అడ్డుచెప్పేవాళ్లు లేరనుకుందాం. అయినా ఫ్లాష్ మీరనుకున్నంత సాయం చేయదు. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. పది అడుగుల్లో సరిపోయిన ఫ్లాష్, నలభై అడుగుల దగ్గర పదహారో వంతే. ఉప్పల్ స్టేడియం గ్యాలరీలో సెల్‌ఫోన్ ఫ్లాష్‌లు మెరుస్తాయి చూడండి, అవి వెలిగించేది ముందు వరుసలో కూర్చున్నవాళ్ల తలల్నే! ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా కెమెరాల్లో ఫ్లాష్ మామూలుగా పనిచేసేది సెకనులో 1/200 లేదా 1/250 వంతు షట్టర్ వరకే. అది దాటితే ఫొటోలో కొంత భాగం నల్లబడుతుంది. హై స్పీడ్ సింక్ పెడితే దాటొచ్చు గానీ ఫ్లాష్ బలం బాగా తగ్గిపోతుంది.

మరి ఏం చేయాలి? ముందు షట్టర్ ఖాయం చేయండి. కబడ్డీకి 1/800, బ్యాడ్మింటన్, పరుగు పందేలకు 1/1000, క్రికెట్ బంతికి 1/2000.. ఇక్కడ మొదలుపెట్టి మీ చోటుకు తగ్గట్టు మార్చుకోండి. అపర్చర్ లెన్స్ ఇచ్చినంతా తెరవండి. ఇక మిగిలిన బరువంతా ఐఎస్ఓ మీద వేయండి, 3200 కానీ 6400 కానీ. మనవాళ్లు భయపడేది ఇక్కడే. ‘నాయిస్ వస్తుంది సార్’ అంటూ ఐఎస్ఓ 800 దగ్గర ఆగిపోయి, చెయ్యి ఎక్కడో కాలు ఎక్కడో తెలియని ఫొటో తెస్తారు. నాయిస్‌ను సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు తగ్గించొచ్చు. అలికినట్టున్న రెయిడర్ ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఫోకస్ కంటిన్యువస్‌లో ఉండాలి. కెనాన్‌లో సర్వో అంటారు, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి.

హాల్లో వరసగా పది ఫొటోలు కొడితే నాలుగు చీకటిగా, రెండు పసుపుగా వచ్చాయా? కెమెరా పాడైందని సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తకండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా హాళ్లలో లైట్ల వెలుగు సెకనుకు వందసార్లు పెరిగి తగ్గుతుంటుంది. కంటికి తెలియదు, వేగంగా తెరిచి మూసే షట్టర్‌కు తెలుస్తుంది. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి.

చేతిలో కొంత డబ్బుంటే సెకండ్ హ్యాండ్‌లో ఎఫ్ 1.8 లెన్స్, 50 లేదా 85 ఎంఎం చూడండి. జూమ్ చేసిన కిట్ లెన్స్ ఎఫ్ 5.6తో పోలిస్తే దాదాపు పది రెట్లు వెలుగు లోపలికి వస్తుంది. ఇది ఏ నిర్వాహకుడూ ఆపమనని వెలుగు! ఫ్లాష్‌కు పని లేదని కాదు. మిట్టమధ్యాహ్నం టాస్ దగ్గర టోపీ నీడలో మునిగిన కెప్టెన్ ముఖానికి, కప్పు అందుకునేటప్పుడు, ఆట అయ్యాక తీసే పోర్ట్రెయిట్లకు అది కావాలి. ఆ అవసరం వచ్చినప్పుడు అద్దెకు తెచ్చుకున్నా సరిపోతుంది.

ఉద్యోగం సంగతికొస్తే, పత్రికల్లో స్పోర్ట్స్ ఫొటోగ్రాఫర్ పోస్టులు తక్కువే, దాచడం ఎందుకు? అకాడమీలు, మారథాన్ నిర్వాహకులు, జట్ల సోషల్ మీడియా టీములు ఇచ్చే ఫ్రీలాన్స్ పనే ఎక్కువమందికి తొలి మెట్టు. అక్కడ పని ఇచ్చేవాళ్లు మీ కెమెరా మోడల్ అడగరు. బంతి, కళ్లు, ఎదుటి ఆటగాడు ఒకే ఫ్రేములో ఉన్నాయా, పేర్లు సరిగ్గా రాశారా, ఎంతసేపట్లో పంపారు.. ఇవే చూస్తారు.

మీ కాలేజీలో వచ్చే కబడ్డీ మ్యాచ్‌నే తీసుకోండి. ఎండ్ లైన్ వెనక, ఆటకు అడ్డురానంత దూరంలో నేలమీద కూర్చోండి. కూతకొచ్చే రెయిడర్ ముఖం నేరుగా మీవైపే ఉంటుంది. హాఫ్‌టైమ్‌కు జట్లు కోర్టు మారతాయి కాబట్టి, మీరు లేవకుండానే రెండు జట్ల రెయిడర్లూ దొరుకుతారు. ఆ విరామం ఐదు నిమిషాలు. రెండు ఫొటోలు ఎంచి, పేర్లూ స్కోరూ రాసి పంపడానికి మీకున్న టైమ్ అంతే.